పులుసు అంటని వేళ్ళు

చోడవరంలో నా మాట నమ్మేవాడు లేడు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. ఫోర్తుఫారం సగంలో లెక్కల మేష్టారికీ నాకూ చెడి బడి మానేశాక నేను చేసిన గట్టి పని కబుర్లు చెప్పడమే. శారదా నదిలో నేను పట్టిన చేప తల మాడుగుల దగ్గరుంటే తోక అనకాపల్లిలో కొట్టుకుందని ఒకసారి సంతలో చెప్పాను. "మరి నడుం మనూరి మీంచే పోవాలి గదా, మేం సూళ్ళేదేటి?" అని ఎవడో అడిగాడు. "ఆ పూట మీరు తిని తొంగున్నారు" అన్నాను. అటువంటివాణ్ణి.

కృపామణి విషయంలో మాత్రం నేను కోతలు కొయ్యను. రెండుసార్లు కోశాను. ఆ రెండూ ఎంత దూరం తీసుకుపోయాయో ఇప్పుడు చెబుతాను.

కృపామణి వైద్యం చేసేది గానీ మందు ఇచ్చేది కాదు. సూది వేసేది కాదు. కట్టు కట్టేది కాదు, తాయెత్తు అసలే కాదు. నలభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. సన్న నీలం అంచు తెల్లచీర, చేతిలో గుడ్డసంచి, సంచిలో బొచ్చంతా రాలిపోయిన ఒక పాత టెన్నిస్ బంతి. తండ్రి తోమా మిషను బంగళాలో తోటమాలిగా చేసి పోయాడు. తమ్ముడు ఏసుదానం మా ఊళ్ళో చర్చి పక్క బడిలో చిన్న మేష్టరు. తమ్ముడి పెళ్ళాం చనిపోతే పిల్లల్ని చూడ్డానికి ఎక్కడో ఆసుపత్రిలో పని మానుకుని వచ్చింది. ఏ ఆసుపత్రో ఎవరూ అడగలేదు. "ఏం పని సేసేదానివమ్మా?" అంటే "కదపడం" అనేది. ఏం కదపడమో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మనిషితో మాట్లాడేటప్పుడు ముఖం చూసేది కాదు, చేతులు చూసేది. దానివల్ల గాజులో ఉంగరాలో చూస్తోందేమోనని కొందరు ఆడవాళ్ళు పైట లోపల చేతులు దాచుకునేవారు.

మా ఇంటికి ఆమె రావడానికి కారణం మా బావ చెయ్యి.

మా బావ బంగార్రాజు బెల్లం వండేవాడు. చెరుకు రసం పెనంలో మరిగి మరిగి పాకానికొచ్చే నిమిషం ఒకటుంటుంది. దానికి ముందు దింపితే బెల్లం కట్టదు, ముద్దలా జారిపోతుంది. దాటిపోతే మాడి నల్లబడుతుంది. రైతు ఏడాది కష్టం ఆ నిమిషంలో ఉంటుంది. దాన్ని బావ వేళ్ళతో పట్టేవాడు. చన్నీళ్ళ ముంతలో వేళ్ళు ముంచి, తెడ్డు మీంచి చిటికెడు పాకం తీసి, నీళ్ళలోనే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండ చేసేవాడు. ఆ ఉండ ఆయనతో ఏదో చెప్పేది. నేనూ నాలుగుసార్లు చేసి చూశాను. నాతో అది చెప్పింది ఒకటే, వేలు కాలిందని.

1956లో, ఆషాఢం ముందు వానలకి, బావ ఎరువు బండి మీంచి జారి కుడిచెయ్యి కింద వేసుకుని పడ్డాడు. మణికట్టు విరిగింది. రోలుగుంట దారిలో ఉండే పైడితల్లి ఎముకలు కూర్చడంలో గట్టివాడు. వెదురు బద్దలు పెట్టి, గుడ్డుసొనా మినప్పిండీ పట్టువేసి, గుడ్డ చుట్టి కట్టు కట్టాడు. "నలభై రోజులు. నలభై ఒకటో రోజు నా కాడికి రావాల" అన్నాడు. ఎముక ఆయన చెప్పినట్టే తిన్నగా అతికింది. తప్పు ఆయనది కాదు, మాది.

నలభై ఒకటో రోజుకి మూఢం వచ్చింది. మా అప్ప, అంటే మా అక్క దేముడమ్మ, బావ పెళ్ళాం, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కట్టు ఇప్పడం అంటే సెయ్యికి కొత్తగా పురుడొచ్చినట్టే గదా. మూఢంలో ఎలగ ఇప్పుతాం?"

మూఢం వెళ్ళింది. వెనకే మహాలయ పక్షాలు వచ్చాయి. "పెద్దల దినాల్లోనా?" అంది అప్ప. పైడితల్లి రెండుసార్లు కబురు పంపాడు. మూడోసారి తనే వచ్చి, "ఎముక్కి మూఢం తెల్దమ్మా" అని కేకలేసి పోయాడు. మేమంతా అప్ప వైపే. కట్టు ఎన్నాళ్ళుంటే ఎముక అంత గట్టిపడుతుందని నేనే వీధిలో శాస్త్రం చెప్పాను. చివరికి విజయదశమి నాడు జమ్మికొమ్మకి దండం పెట్టి విప్పించాం. నలభై రోజుల కట్టు వంద రోజులు ఉండిపోయింది.

విప్పితే లోపల ఉన్నది మా బావ చెయ్యి కాదు. ఎండు ములక్కాడలా ఉంది. వేళ్ళు తిన్నగా, ఒకదాని పక్క ఒకటి, దండం పెట్టబోయి ఆగిపోయినట్టు నిలబడ్డాయి. బావ వాటి వైపు చూసి వంచబోయాడు. ముఖమంతా వంగింది గానీ వేళ్ళు వంగలేదు.

బాలింతలకి నూనె రాసే మంగాయమ్మ వచ్చి పదిహేను రోజులు నువ్వులనూనె రాసింది. చెయ్యి మెత్తబడింది, మెరిసింది. నొప్పి కొంచెం తగ్గిందని బావ అన్నాడు. వేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

దీపావళి వెళ్ళిపోయింది. చెరుకు పక్వానికొచ్చి నిలబడింది. సంతలో రావికమతం దారి రైతు సత్యారావు నన్ను పట్టుకున్నాడు. ఏటా అందరికన్నా ముందు గానుగ కట్టేది ఆయనే. ఆయన మొదటి పెనం ఎవరు వండితే ఆ యేడు మిగతా రైతులూ వాళ్ళనే పిలుస్తారు.

"ఒరే పరదేశీ, మీ బావ సెయ్యి ఎలగుంది? లేపోతే సీడికాడ పెదబాబుకి కబురంపాలి."

పెదబాబు కూడా బెల్లం వండేవాడే. ఒకసారి ఆయన చెయ్యి పెట్టాడంటే ఇక మా బావని పిలిచేవాళ్ళుండరు. నాకు గుండె జారింది. గుండె జారినప్పుడు నా నోరు దానంతట అదే లేస్తుంది.

"సెయ్యా? ముందుకన్నా గట్టిపడిపోయింది. నిన్న రెండేళ్ళ మధ్య చింతపిక్క ఎట్టి నొక్కితే పిక్క పప్పయిపోయింది."

"ఎన్ని పిక్కలు?"

"ముప్పై. లెక్కెట్టాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సత్యారావు నవ్వలేదు. "అయితే మార్గశిరంలో రెండో లక్ష్మివారం గానుగ కడతన్నాను. మొదటి పెనం మీ బావదే. అందరం సూస్తాం" అని వెళ్ళిపోయాడు.

లెక్కల మేష్టారు నేర్పలేకపోయింది ఆ క్షణంలో నేర్చుకున్నాను. మార్గశిరం రెండో లక్ష్మివారానికి సరిగ్గా అయిదు వారాలు. మా బావ ఇంటి దగ్గర బీడీ కూడా పట్టుకోలేకపోతున్నాడు.

వెనకనించి ఎవరో పిలిచారు. వంకాయలు ఏరుతున్న కృపామణి.

"బాబూ, ముప్పై చింతపిక్కలు పగలగొట్టిన సెయ్యి ఒకసారి సూడొచ్చా?"

*

మొదటి రోజు మా అప్ప ఆమెని అరుగు దాటి లోపలికి రానివ్వలేదు. ఆమె అరుగు మీదే కూర్చుని బావ చేతిని ముట్టుకోకుండా చాలాసేపు చూసింది. తరవాత ఒక్కో కణుపూ పట్టుకుని ఎంతవరకు వెళుతుందో చూసి వదిలేసింది.

"ఏ సేత్తో తింటన్నావు బాబూ?"

"కుడి సేత్తోనే. ఇంకే సేత్తో తింటారు?" అన్నాడు బావ.

అప్ప లోపలికి వెళ్ళిపోయింది.

కృపామణి చెప్పిన వైద్యం వింటే మాకు వైద్యంలా అనిపించలేదు. పొద్దున్నే వేణ్ణీళ్ళలో చెయ్యి ఉంచాలి. నది ఒడ్డు మెత్తటి మట్టి తెచ్చి ఉండలు చెయ్యాలి. ముందు కొబ్బరికాయంత, తరవాత నిమ్మకాయంత, ఆఖరికి శనగగింజంత. సాయంత్రం ఆ బంతి పట్టుకుని వదలాలి. ప్రతి పనీ ఆ చేత్తోనే.

"మరి నువ్వేటి సేస్తావమ్మా?" అంది అప్ప తలుపు చాటునుంచి.

"సూస్తాను."

"సూడ్డానికి మేం లేమేటి?"

"మీరు జాలితో సూస్తారమ్మా. నేను వేలు సూస్తాను."

ఇదీ మనిషి. వీధిలో అందరూ అడగడం మొదలెట్టారు, ఈ మట్టి ఉండల వైద్యం ఎక్కడిదని. అప్పుడు కోశాను రెండో కోత. లండన్‌లో రాజుగారి వేలు పట్టేస్తే వంచిన డాక్టరు దగ్గర కృపామణి పన్నెండేళ్ళు నేర్చుకుందనీ, ఆ బంతి రాజుగారిదేననీ చెప్పాను. మంగాయమ్మ కూడా ఒక రోజు వచ్చి బంతి ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

రెండు వారాలయ్యాయి. వేళ్ళు గడ్డిపరక మందం కూడా వంగలేదు. బావ రోజంతా మట్టి నలుపుతున్నాడు, చెమటలు కారుస్తున్నాడు, రాత్రి అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఒక రోజు నాకు ఓపిక పోయింది. ఆయన వద్దంటున్నా చూపుడువేలు పట్టుకుని బలంగా వంచేశాను. బావ అరవలేదు, పళ్ళు బిగించాడు. సాయంత్రానికి ఆ వేలు వంకాయలా వాచింది.

కృపామణి వచ్చి వాపు చూసింది. "ఎవులు లాగేరు?" అంది. నేను గోడకున్న బల్లిని చూస్తున్నాను.

"నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక సాలె ఆయన వేలు ఇలగే లాగేను" అంది, నాతో కాదు, వేలితో. "తొందరపడి లాగేను. లోపల తెగిపోయింది. ఆయన మళ్ళీ మగ్గం మీద నాడె పట్టలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నేను లాగను బాబూ. వంచాల్సింది నీ వేలు. నేను కాదు, ఈ గుంటడు కాదు."

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. గుంటడనిపించుకునే వయసు కాదు. అయినా బల్లి మీంచి చూపు తిప్పలేదు.

ఆమె లేవబోయి ఆగింది. బావ వేళ్ళ కొసలు మళ్ళీ చూసింది. గోళ్ళు చూసింది. అప్ప మజ్జిగ గ్లాసు పట్టుకుని వస్తే అప్ప వేళ్ళు కూడా చూసింది.

"ఈ పూట ఏటి కూర అమ్మా?"

"బెండకాయ పులుసు."

"నీ వేళ్ళు పచ్చగున్నాయి. పసుపు, పులుసు. ఈయన వేళ్ళు తెల్లగున్నాయి. ఈ సెయ్యి పులుసు ముట్టి ఎన్నాళ్ళయింది?"

అప్ప కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దెబ్బ తగిలిన రోజునుంచి తనే కలిపి, ముద్దలు చేసి, మా బావకి తినిపిస్తోంది. కట్టు విప్పాక కూడా ఆపలేదు. కుడిచెయ్యి పనికిరాదు, ఎడంచేత్తో తినడం అనేది మాలో ఉన్న మాట కాదు. ఇంటి యజమాని ఆకలితో కూర్చుంటే ఏ ఆడది చూడగలదు? నాకూ తెలుసు. నేనూ చెప్పలేదు.

"ప్రేమేనమ్మా" అంది కృపామణి. "కానీ రోజుకి రెండుపూటలు, నాలుగేసి నిమిషాలు కాదు, అరగంటేసి వేళ్ళకి పని. ముద్ద కలపడం కన్నా మంచి వైద్యం నా సంచిలో లేదు. అది నువ్వు తినేస్తన్నావు. ఇవాళ్టినించి ఆయనకి కంచం ఎట్టి బయటికి వచ్చేయ్. తలుపేసేయ్. నువ్వు సూడకు."

"తినలేపోతే?"

"ఆకలేస్తాది."

*

ఆ మూడు రోజులు మా ఇంట్లో ఎలా గడిచాయో నాకు చెప్పబుద్ధి కాదు. అప్ప గుమ్మం బయట కూర్చునేది. లోపల కంచం మీద చెయ్యి తగిలిన చప్పుడు వినిపించేది, మెతుకులు చాప మీద రాలిన చప్పుడు కూడా వినిపించేది. ఆ తరవాత ఏమీ వినిపించేది కాదు. బావ బయటికి వచ్చి చెయ్యి కడుక్కునేవాడు. కంచంలో అన్నం చాలామటుకు అలాగే ఉండేది. అప్ప కూడా తినేది కాదు. వీధిలో ఆడవాళ్ళు మా ఇంటి ముందు ఆగి, మొగుణ్ణి పస్తుంచే వైద్యం లండన్‌లో ఉంటుందేమో గానీ మనకేల అన్నారు. మంగాయమ్మ బంతి గురించి తన అభిప్రాయం మార్చుకుంది.

నాలుగో రోజు తలుపు తెరిచేసరికి కంచంలో సగం అన్నం లేదు. బావ మీసాలకి, గెడ్డానికి, చొక్కాకి పులుసు ఉంది. అరచేతిని గరిటెలా చేసుకుని తిన్నాడు. అప్ప ఏడుస్తూ నవ్వింది. కృపామణి వచ్చి వేళ్ళు చూసి, "పచ్చబడ్డాయి" అంది. అంతే.

అక్కడినించి నడిమివేలు కదిలింది. ఉంగరంవేలు కదిలింది. మట్టి నిమ్మకాయంత అయింది. చూపుడువేలు మాత్రం పై కణుపు దగ్గర మొండికేసింది. దాని మీద నా బలప్రయోగం జరిగింది కాబట్టి నేను దాని వైపు చూడలేకపోయేవాణ్ణి. రోజులు పోతున్నాయి. ఇంక అయిదు రోజులు.

ఆ రోజే సత్యారావు మా ఇంటికొచ్చాడు. బావ అరుగు మీద మట్టి ఉండలు చేస్తున్నాడు. కృపామణి ఎదురుగా కూర్చుంది. సత్యారావు నిలబడే చూశాడు.

"చింతపిక్కలు పగలగొట్టే సెయ్యి మట్టి పిసుకుతందేటి?"

బావ ఉండ నలుపుతూనే ఉన్నాడు. సత్యారావు కృపామణి వైపు తిరిగాడు.

"ఈమేనా వైద్యం? ఎక్కడ నేర్సుకుందంటారు?"

"లండన్‌లో" అన్నాను నేను. "రాజుగారి..."

"లండను కాదు బాబూ" అంది కృపామణి. "పెద్దరోగం ఆసుపత్రిలో. పద్దెనిమిదేళ్ళు సేసేను."

అప్ప చేతిలో చెంబు కింద పడలేదు గానీ ఆమె దాన్ని గుండెకి అదుముకుంది.

కృపామణి అదే గొంతుతో చెప్పింది. కుష్టు వచ్చినవాళ్ళ వేళ్ళు ముడుచుకుపోతాయి. రోగం నయమైనా వేళ్ళు రావు. డాక్టరమ్మ కోసి లోపల సరిచేసేది. సరిచేసిన వేళ్ళకి పని మళ్ళీ నేర్పాలి. గ్లాసు పట్టుకోవడం, బొత్తాం పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం. ఆ నేర్పడం ఆమె పని.

"నాకు అంటుకోలేదు. అంటుకుంటే పద్దెనిమిదేళ్ళలో అంటుకునేది" అంది.

సత్యారావు భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

అప్పటిదాకా ఆగిన అప్ప గొంతు వచ్చింది. "ఆ సేతుల్తోనా నా మొగుడి సెయ్యి పట్టుకున్నావు? రేపు ఈ సెయ్యి పెట్టిన బెల్లం ఎవులు తింటారు? ఒక్కమాట ముందు సెప్పకూడదేటి?"

"ఎవులడిగినా సెప్పేదాన్నమ్మా. ఎవులూ అడగలేదు. ఈ బాబు ముందే సెప్పీసేడు గదా, లండనని."

నేను ఎన్నో కోతలు కోశాను. ఒక్క కోతా తిరిగొచ్చి నా గొంతు మీద కూర్చోలేదు అంతవరకు.

కృపామణి బంతి సంచిలో వేసుకుంది. లేచింది. అప్పుడు బావ అడిగాడు.

"ఆళ్ళు తిన్నారా?"

"ఏటి బాబూ?"

"ఆ రోగం వచ్చినోళ్ళు. నువ్వు నేర్పేక ఆళ్ళ సేత్తో ఆళ్ళు కూడు తిన్నారా?"

"తిన్నారు. ఒకాయన మొదటి ముద్ద నాకే ఎట్టేడు."

"నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

బావ మట్టి ఉండ పక్కన పెట్టాడు. తరవాత చెయ్యి వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి, "సల్లారిపోయింది" అన్నాడు. "దేముడూ, నీళ్ళు కాసి తే. కృపామణమ్మా, కూకో. ఇంకా అయిదు రోజులుంది."

అప్ప చాలాసేపు గోడవైపు తిరిగి నిలబడింది. తరవాత లోపల పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపించింది.

*

ఆ అయిదు రోజులు నేను ఒక్క అబద్ధం ఆడలేదు. ఊళ్ళో కొందరు నాకు జ్వరమేమో అనుకున్నారు. సత్యారావునుంచి కబురు లేదు. పెదబాబు చీడికాడనుంచి దిగాడని బుధవారం ఎవరో అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలిసినట్టే ఉంది.

కృపామణి ఇప్పుడు మట్టి మానిపించింది. అప్ప చేత బెల్లం కరిగించి, గోరువెచ్చని పాకం బావ ముందు పెట్టించింది. చన్నీళ్ళలో వేళ్ళు ముంచి ఉండ చెయ్యమంది. బావ చూపుడువేలితోనే పట్టబోయేవాడు, పాకం జారిపోయేది. ఇరవై ఏళ్ళ అలవాటు. వంగని వేలే ముందుకొచ్చేది.

"వంగని వేలు కోసం ఏడవకు బాబూ. వంగేదానికి పని సెప్పు" అనేది ఆమె. బావ వినేవాడు గానీ చెయ్యి వినేది కాదు. ఆఖరి రోజు సాయంత్రం చలిగాలి వేస్తే, అప్ప గుమ్మంలోంచి, "లోపల కూకోండి, నీళ్ళు సల్లారిపోతాయి" అంది. కృపామణి మొదటిసారి మా గుమ్మం దాటింది. అప్ప నీళ్ళ కోసమే అన్నట్టు ముఖం పెట్టింది.

లక్ష్మివారం తెల్లారకుండా బయల్దేరాం. బావ, నేను, వెనక కాస్త దూరంలో కృపామణి. బావే రమ్మన్నాడు. ఊరి పొలిమేర దాటగానే సత్యారావు చెరుకు మీదుగా పొగ కనిపించింది. పొయ్యి వెలిగించారు. ఎవరికోసం వెలిగించారో పొగ చెప్పదు. బావ నడక వేగం పెంచలేదు, తగ్గించలేదు.

గానుగ దగ్గర ఎద్దులు తిరుగుతున్నాయి. పెనంలో రసం అప్పటికే నురగ కడుతోంది. చెరుకుపిప్పి కుప్ప మీద, చుట్ట కాలుస్తూ, పెదబాబు కూర్చుని ఉన్నాడు.

బావ ఆగిపోయాడు.

"ఆగేవేటి? రా" అన్నాడు సత్యారావు.

"నీకు తెలిసింది గదా బాబూ, ఈ సెయ్యి ఎవులు..."

"తెలిసింది. అయిదు రోజులు ఆలోసించేను. ఆ పెనం సూడు ఎలగ మరుగుతందో. అందులో పడితే ఏ దోసమైనా బతుకుతాదేటి? నాకు దోసం భయం లేదు, పాకం భయం. అందుకే పెదబాబుని కూకోబెట్టేను. నువ్వు తప్పితే అతను దింపుతాడు."

బావ పంచె ఎగ్గట్టి పెనం దగ్గరికి వెళ్ళాడు. తెట్టు తీశాడు. మంట తగ్గించమన్నాడు, పెంచమన్నాడు. ఎడంచేత్తో తెడ్డు తిప్పుతున్నంతసేపూ అంతా బాగానే ఉంది. రసం చిక్కబడింది. బుడగలు పెద్దవయ్యాయి, బరువుగా లేచి పగులుతున్నాయి. చుట్టూ పదిమంది రైతులు.

బావ ముంతలో వేళ్ళు ముంచాడు. తెడ్డు మీంచి పాకం తీశాడు. చూపుడువేలు తిన్నగా నిలబడిపోయింది. పాకం జారి నీళ్ళలో పడి విడిపోయింది.

పెదబాబు చుట్ట పక్కన పెట్టాడు.

రెండోసారి తీశాడు. మళ్ళీ చూపుడువేలే ముందుకొచ్చింది. మళ్ళీ జారింది. ఈసారి పెదబాబు లేచి నిలబడి తలగుడ్డ బిగించుకున్నాడు. సత్యారావు ఆయన వైపు చూశాడు. పెనంలో బుడగల చప్పుడు మారింది. అది నాక్కూడా తెలిసింది. ఆ నిమిషం వస్తోంది, వచ్చి ఎవరికోసమూ ఆగదు.

బావ తలెత్తి కృపామణి కోసం చూశాడు. గట్టు మీద నిలబడి ఉంది. ఆయన ముఖం వైపు చూడ్డం లేదు. వేళ్ళ వైపే చూస్తోంది. ఒక్క మాట అనలేదు. మా అరుగు మీద ఎలా కూర్చునేదో అలాగే ఉంది.

బావ చూపుడువేలిని పైకి, పక్కకి తీసేశాడు, వీధిలో అడ్డమొచ్చినవాణ్ణి తప్పించినట్టు. బొటనవేలూ నడిమివేలూ పాకంలోకి దిగాయి. నీళ్ళలోకి వచ్చాయి. కలిశాయి. నెమ్మదిగా తిరిగాయి. నేను ఊపిరి తియ్యడం మరిచిపోయాను. అది కోత కాదు.

"దింపండి" అన్నాడు బావ.

"ఇంకా ఉంది" అన్నాడు పెదబాబు.

"దింపండి."

సత్యారావు ఒక్క క్షణం ఇద్దరినీ చూశాడు. చెయ్యి ఊపాడు. నలుగురు మనుషులు కర్రలు దూర్చి పెనం ఎత్తి దింపారు.

దింపడంతో భయం పోలేదు. పాకం తిప్పి, అచ్చుల్లో పోసి, ఆరేదాకా కూర్చోవాలి. బావ ఒక్కడే గట్టు మీద కూర్చుని తన చెయ్యి తను చూసుకుంటున్నాడు. ఎండ ఎక్కింది. ఎద్దులు మార్చారు. సత్యారావు మొదటి దిమ్మ అచ్చులోంచి తట్టి తీశాడు. పట్టుకుని చూశాడు. జారలేదు. పిడికిలితో కొట్టి రెండు చేశాడు. లోపల బంగారు రంగు, సన్నటి రవ్వ. ఒక ముక్క పెదబాబు చేతిలో పెట్టాడు. పెదబాబు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు చప్పరించాడు.

"నేనైతే మాడ్సీసేవోణ్ణి" అన్నాడు. కుప్ప మీద ఆరిపోయిన చుట్ట వెతుక్కున్నాడు.

సత్యారావు మొలలోంచి ఒక చిన్న మూట తీశాడు. విప్పాడు. చింతపిక్కలు.

"ముప్పై. లెక్కెట్టి తెచ్చేను. ఇయి కూడా అయిపోతే మనం గంజి తాగుదాం" అన్నాడు బావతో.

అందరూ నా వైపు తిరిగారు. బావ కూడా తిరిగాడు. రెండు నెలల్లో ఆయన ముఖంలో నవ్వు అదే మొదటిసారి చూడ్డం.

"సెప్పినోడు కొడతాడు" అన్నాడు.

కొట్టాను. వేళ్ళతో కాదు, దవడపళ్ళతో. పదకొండో పిక్క దగ్గర పన్ను కదిలింది. కావాలంటే ఇప్పటికీ ఖాళీ చూపిస్తాను. నా మాటల్లో రుజువున్నది అదొక్కటే.

ఆ నవ్వుల్లో బావ విరిగిన దిమ్మలోంచి వెచ్చగా ఉన్న ముక్క కుడిచేత్తో తీసుకుని గట్టు ఎక్కాడు. బొటనవేలికీ నడిమివేలికీ మధ్య పట్టుకుని కృపామణి ముందు చాపాడు. ఆమె ముక్క తీసుకోలేదు. ముందు ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, ఎండలోకి తిప్పి, ఒక్కో కణుపూ చూసింది. తరవాత ముక్క నోట్లో వేసుకుంది. సత్యారావు, రైతులు, ఎద్దులు తోలేవాడు, అందరూ చూస్తున్నారు.

"బాగుందా?" అన్నాడు బావ.

"సూపుడువేలు ఇంకా వంగలేదు" అంది కృపామణి. "రేపు పొద్దున్న నీళ్ళు కాసి ఉంచమను. వస్తాను."